నలభై అంగల అవతల టెస్టింగ్ సారు

మా టెస్టింగ్ సారు పోయారు. పోయిన గురువారం పొద్దున ఫ్యాక్టరీ క్వార్టర్ వరండాలో కూర్చుని గడ్డం గీసుకుంటూ, చెంప మీద సబ్బు నురగ ఆరకముందే కుర్చీలో పక్కకు ఒరిగిపోయారట. పక్క క్వార్టరాయన సైకిల్ తొక్కుకుంటూ మా ఊరికి వచ్చి చెప్పాడు. నేనప్పుడు బర్రెకు కుడితి పెడుతున్నాను. బకెట్ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ సైకిల్ వెనకే కూర్చుని పోయాను. వెళ్ళేసరికి ఎవరో ఆ నురగ తుడిచేశారు. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుకుగా ఉంది. అంత పద్ధతి గల మనిషి, ఒక్క పని సగంలో వదిలేసి పోవడం అదే మొదలు, అదే ఆఖరు.

నాకు చదువు నాలుగో తరగతి దాకానే. ఈ కాగితాలు రాస్తున్నది నేను, తప్పులు దిద్దుతున్నది నా బిడ్డ. కోపం మాత్రం దిద్దనివ్వలేదు. పోయినవారి గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. సారు గురించి మంచి మాటలే ఉన్నాయి నా దగ్గర. కానీ సారు మంచితనం మీకు తెలియాలంటే ఒకడి చెడ్డతనం చెప్పక తప్పదు. వాడింకా బతికే ఉన్నాడు. చదువుతాడు కూడా. చదవాలనే రాస్తున్నాను.

పటాన్‌చెరు దగ్గర పెద్ద ఫ్యాక్టరీ పడ్డప్పుడు మా ఊరి వాళ్ళం కొందరం పొలం సగం, డ్యూటీ సగం అయిపోయాము. నాకు గేటు దగ్గర చౌకీదారు పని ఇచ్చారు. సైరన్ మోగాక బయటికి పోయేవాళ్ళ సంచులు, టిఫిన్ డబ్బాలు తెరిచి చూడటం నా పని. ఫ్యాక్టరీ సామాను బయటికి పోకూడదు. ఎవడు రాగి తీగ చెప్పులో పెట్టాడో, ఎవడు బల్బు తలపాగాలో చుట్టాడో నా చేతులకు తెలిసిపోయేది. సారు కోస్తా వైపు నుంచి వచ్చినవారు. లోపల టెస్టింగ్ సెక్షన్లో పని. అందరూ డబ్బా తెరవమంటే ముఖం మాడ్చుకునేవారు. ఆయన మాత్రం నా దగ్గరికి రాకముందే మూత తీసి పట్టుకుని, "చూడవయ్యా, ఇవాళ కూడా నీకేం మిగల్లేదు, మా ఆవిడ వంకాయ కూర" అనేవారు.

ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద మోటార్ల రొద పక్కన నిలబడి ఆయన కుడి చెవి చాలావరకు మొద్దుబారిపోయింది. ఎవరైనా కుడివైపు నుంచి మాట్లాడితే గిర్రున తిరిగి ఎడమ చెవి అందించేవారు. కొత్తవాళ్ళు నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. "ఒకటి పనికి, ఒకటి ఇంటికి. పని చెవి అరిగిపోయింది, అంతే" అనేవారు.

ఇక నా బిడ్డ సంగతి. ఆరేళ్ళప్పుడు కంఠసర్పి వచ్చింది. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో గొంతుకు రంధ్రం పెట్టి ప్రాణం నిలబెట్టారు. ప్రాణం నిలబడింది, గొంతు పోయింది. నోరు తెరిస్తే మాట వస్తుంది కానీ మాటకు శబ్దం రాదు. చెవి దగ్గర పెడితే ఎంత చక్కటి మాటలో! రెండడుగుల అవతలికి పోతే ఊపిరి తప్ప ఏమీ ఉండదు. అయినా నా బంగారుతల్లి చదువు ఆపలేదు. పంతం పట్టి టీచర్ ట్రైనింగ్ పాసయింది. ఆ రోజు ఊరంతా చక్కెర పంచాను. నేను అంత సంబరపడే మనిషిని. మా ఇంటామె ఇప్పటికీ అంటుంది, నేను సంతోషపడితే ఇంట్లో చక్కెర మిగలదని.

ఊళ్ళో కమిటీ నడిపే బడిలో ఒక పంతులమ్మ కావాలి. ఆ కమిటీకి పెద్ద, మైకుసెట్టు షావుకారు. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు మీద దుకాణం. చుట్టూ పది ఊళ్ళకు పెళ్ళికైనా, మీటింగుకైనా, భజనకైనా వాడి లౌడ్‌స్పీకరే దిక్కు. ఆ ఉద్యోగం తన తమ్ముని కోడలికి ఇప్పించుకోవాలని వాడి ఆశ. ఆమె ట్రైనింగ్ పాస్ కాలేదు, అది వేరే మాట.

పంద్రాగస్టు నాడు బడిలో జెండా ఎత్తాక, స్వాగతం మాటలు నా బిడ్డ చదవాలన్నారు. నేను తెల్ల ధోవతి కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. బిడ్డ మైకు ముందు నిలబడి కాగితం చదివింది. లౌడ్‌స్పీకర్ గొట్టంలో నుంచి గుయ్‌మని రొద, ఆ రొద కింద ఎక్కడో ఎండుటాకులు కదిలినట్టు చప్పుడు. అది నా బిడ్డ గొంతు. షావుకారు లేచి వచ్చి మైకు చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఊదాడు.

"ఫూ... ఫూ... ఇన్నరా? నేను ఊదినా గంతే, చౌకీదారు బిడ్డ సదివినా గంతే. గాలే వస్తది!"

మూడు ఊళ్ళ జనం నవ్వారు. బడి పిల్లలు నవ్వారు. నా పక్కన కూర్చున్నవాడు నవ్వాపుకోలేక నా భుజం మీదే చెయ్యి వేశాడు. నా బిడ్డ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మెట్లు దిగి, నా దగ్గరికి వచ్చి చెవిలో అంది: "నాయినా, ఇంటికి పోదాం."

కమిటీలో మిగిలినవాళ్ళకు కాస్త సిగ్గేసినట్టుంది. జనవరి ఇరవై ఆరు దాకా గడువిచ్చారు. ఆ రోజు జెండా దగ్గర నా బిడ్డ రిజిస్టర్ తీసుకుని బడి పిల్లలందరి పేర్లూ పిలవాలి. ఆఖరి వరుసలో వాళ్ళకు వినపడితే ఉద్యోగం ఆమెదే. వినపడకపోతే తమ్ముని కోడలిది. షావుకారు వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు? మైకు వాడిదే కదా!

మర్నాడు డ్యూటీలో నేను సంచులు చూడలేదు. చూసినా ఏమీ కనపడలేదు. సారు ఎప్పటిలాగే మూత తీసి పట్టుకున్నారు. నేను దానిలోకి చూస్తూ ఏడ్చేశాను. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, ఎడమ చెవి అందించి మొత్తం విన్నారు. ఆఖరున ఒకటే అడిగారు.

"వాడు సరిగ్గా ఏమన్నాడు? మాట మార్చకుండా చెప్పు."

"గాలే వస్తదన్నడు సారూ."

"గాలే వస్తది" అని సారు ఆ మాటను మా యాసలోనే నెమ్మదిగా అనుకున్నారు. "ఆదివారం అమ్మాయిని తీసుకురా" అన్నారు.

ఆదివారం ఆయన బిడ్డను తన కుడివైపు, పనికిరాని చెవి వైపు కూర్చోబెట్టుకున్నారు. మాట్లాడమన్నారు. ఏమీ వినపడలేదు. "బాగుంది" అన్నారు. నాకు మండింది. "ఏం బాగుంది సారూ?" అన్నాను.

"ఈ చెవికి వినపడితే ఊరికి వినపడ్డట్టే. నా దగ్గర ఇంతకన్నా మంచి మీటరు లేదు."

అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పారు. షావుకారు మైకు అరిచేవాళ్ళ కోసం చేసింది. దాని ముందు గుసగుసగా మాట్లాడితే వచ్చేది గోరంత. దాన్ని ఆంప్లిఫయర్ కొండంత చేస్తుంది కానీ, దానితోపాటే రొదను కూడా కొండంత చేస్తుంది. అందుకని మైకుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఒక చిన్న డబ్బా కట్టాలి. ఆ గోరంత మాటకు మురికి అంటకుండా ముందే కొంచెం పెంచి, అప్పుడు పెద్ద మిషనుకు అప్పజెప్పాలి. దాన్ని ప్రీ-ఆంప్లిఫయర్ అంటారట. మా ఇంట్లో మాత్రం అది మొదటినుంచీ డబ్బానే.

"మొదట్లో చేరిన మురికి చివరిదాకా పోదు" అనేది సారు మాట. సర్క్యూట్ గురించే అనేవారో, మనుషుల గురించి కూడా అనేవారో తెలియదు.

నేను ఉత్సాహంగా అన్నాను: "సారూ, గేటు కాడ ఉండేది నేనే గదా. టంకమో, తీగనో ఏది కావాల్నో లోపట్నుంచి తెచ్చుకోండ్రి. నా కండ్లు మూసుకుంట."

సారుకు అంత కోపం రావడం అప్పుడే చూశాను. "అంగుళం టంకం కూడా అక్కడిది ముట్టను. రేపు అమ్మాయి గెలిచాక ఆ షావుకారు నోరు తెరవడానికి సందు మిగలకూడదు. దొంగ సామానుతో మాట్లాడిందనిపిస్తావా నీ కూతురిని?"

పగ తీర్చుకోవడానికి కూడా పద్ధతి ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

హైదరాబాద్ పాత సామాన్ల బజారులో తిరిగి తిరిగి సరుకు తెచ్చాము. మైకు కొనలేదు. పగిలిపోయిన చేతి రేడియోలో నుంచి బిళ్ళంత స్పీకర్ ఒకటి ఊడదీశారు సారు. దాన్నే ఉల్టాగా కలిపితే మైకు అవుతుందట. మాట్లాడేది వినగలదని, వినేది మాట్లాడగలదని ఆ రోజు దాకా నాకు తెలియదు. ట్రాన్సిస్టర్లు, అంటే మూడు కాళ్ళ చిన్న బుడిపెలు, పన్నెండు తెచ్చారు. ఒక్కొక్కదాన్నీ బల్ల మీద కలిపి, చెవి గొట్టం ఎడమ చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. అన్నీ ఒకే రకం, ఒకే నంబరు. ఐనా ఒకటి పెనంలా చుయ్‌మనేది, ఒకటి పాములా బుస కొట్టేది. రెండు ఆదివారాలు గడిచాక పదో బుడిపెను పైకెత్తి చూపించారు. "పన్నెండింటిలో ఇదొక్కటే నోరు మూసుకుని పనిచేస్తోంది. దీన్నే ముందు కూర్చోబెడదాం."

మొదటిసారి కట్టినప్పుడు కరెంటు రొద వచ్చింది. కరెంటు తీసేసి నాలుగు టార్చి సెల్లులు పెట్టారు. రొద పోయింది. రెండోసారి నా బిడ్డ మాట్లాడబోతుంటే, తీగలు ఎలా పట్టుకున్నాయో ఏమో, రేడియోలో రైతుల కార్యక్రమం వచ్చింది. మైకు ముందు బిడ్డ పెదవులు కదులుతుంటే స్పీకర్లో ఎవరో మగమనిషి వరి నాట్ల గురించి చెబుతున్నాడు. నా బిడ్డ నవ్వింది. పంద్రాగస్టు తర్వాత అది నవ్వడం అదే మొదటిసారి. సారు కూడా నవ్వి, వాళ్ళావిడను కేకేసి ఖాళీ పాలపొడి డబ్బా అడిగారు. సర్క్యూట్ మొత్తం ఆ డబ్బాలో పెట్టి మూత పెట్టగానే వరి నాట్లు ఆగిపోయాయి.

టెస్టు ఎట్లా చేసేవారో చెప్పాలి. బడి వేదిక నుంచి ఆఖరి వరుస దాకా నేను అంగలేసి కొలిచాను. నలభై అంగలు. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో అదే కొలత పెట్టాము. వరండాలో సారు పాత రేడియో, దాని వెనక గ్రామఫోన్ కలిపే రంధ్రానికి మా డబ్బా, డబ్బాకు మైకు, మైకు ముందు నా బిడ్డ. నలభై అంగల అవతల ఇనుప కుర్చీలో సారు, కుడి చెవి మా వైపు తిప్పి, ఎడమ చెవిలో దూది కుక్కుకుని, భుజం మీద తెల్ల తువ్వాలు వేసుకుని కూర్చునేవారు. బిడ్డ అడిగేది: "వినపడుతుందా సార్?" వినపడితే తువ్వాలు పైకెత్తాలి.

ఎన్ని ఆదివారాలు ఆ తువ్వాలు కదలలేదో! సారు లేచి వచ్చేవారు, ఏదో ఒక ముక్క మార్చేవారు, మళ్ళీ నలభై అంగలు నడిచి పోయేవారు. నాకు ఓపిక ఉండేది కాదు. "సారూ, గట్టిగ చెయ్యండ్రి! వాని చెవులు పలగాలె!" అని అరిచేవాణ్ణి. ఆయన అంత దూరం నుంచీ చెయ్యి ఊపేవారు. దగ్గరికి వచ్చాక చెప్పేవారు: "గట్టిగా కాదయ్యా. శుభ్రంగా. శుభ్రంగా వస్తే వాడి చెవులు వాటంతటవే పగులుతాయి."

దసరా దాటింది, దీపావళి దాటింది. సంక్రాంతికి ముందు ఆదివారం నా బిడ్డ ఎప్పటిలాగే అడిగింది. అవతల కుర్చీలో సారు కదల్లేదు. తర్వాత మెల్లగా చెయ్యి భుజం మీదికి పోయింది. తువ్వాలు లేచింది. నేను పరుగెత్తుకుంటూ పోయి సారును కుర్చీతో సహా ఎత్తబోయాను. "దింపవయ్యా, దింపు, నడుం విరుగుతుంది" అంటూ ఆయన ఒకటే నవ్వు.

అప్పుడే నేను ఒక కాగితం రాసుకున్నాను. పేర్లు పిలవడం అయ్యాక షావుకారును నా బిడ్డ అడగాల్సిన మాటలు. వాడి తాత నుంచి మొదలుపెట్టి ఎవరినీ వదల్లేదు. రెండు పేజీలు. బిడ్డకు ఇచ్చాను. చదువుకుని జాకెట్లో పెట్టుకుంది.

జనవరి ఇరవై ఆరు పొద్దున నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. కానీ రాయాలి.

దసరా నాడు ఫ్యాక్టరీలో ప్రతి మిషనుకూ పసుపు కుంకుమ పెడతారు. నాగలికి పెడతాం, బండికి పెడతాం. అంత పెద్ద పనికి పోతున్న డబ్బాకు బొట్టు లేకుండా ఎట్లా? సంతోషం పట్టలేక పొద్దున్నే స్నానం చేసి, పసుపు తడిపి, డబ్బాకు బయట పెట్టాను. బయట పెడితే ఏం లాభం, పని చేసేది లోపలిది కదా అనిపించింది. మూత తీశాను. మధ్యలో ఆ నోరు మూసుకుని పనిచేసే బుడిపె మీద ఇంత తడి పసుపు పెట్టి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టి మూత పెట్టాను.

బడి దగ్గర మూడు ఊళ్ళ జనం. పంద్రాగస్టు నాటి జనమే, పైగా ఇంకొంతమంది, నవ్వడానికి వచ్చినవాళ్ళు. వేదిక పక్కన షావుకారు ఆంప్లిఫయర్ వేడెక్కి గుడ్డి దీపంలా వెలుగుతోంది. సారు మా డబ్బా తీసి బల్ల మీద పెట్టారు.

"ఏంది చౌకీదారూ, పాలడబ్బా తెచ్చినవ్? చాయ్ పోస్తవా?" అన్నాడు షావుకారు.

"పోస్త పటేలా. నువ్వు తాగేదాక లేవ" అన్నాను.

సారు డబ్బా తీగను షావుకారు ఆంప్లిఫయర్‌కు కలిపారు. లౌడ్‌స్పీకర్లో నుంచి చిటపట, చిటపట, ఎవరో మూకుడులో మిరపకాయలు వేయించినట్టు చప్పుడు. బిడ్డ నోరు తెరిచింది. ఆ చిటపటలో ఏమీ లేదు. జనం నవ్వు మొదలైంది. షావుకారు చేతులు కట్టుకుని, "గాలి గూడ రాలే ఈసారి" అన్నాడు.

సారు మూత తీశారు. లోపల పచ్చగా, ఎర్రగా ఉంది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

"బొట్టు ఎవరు పెట్టారు?"

"నేనే సారూ."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తడి పసుపు కరెంటును పక్కదారి పట్టిస్తుందయ్యా. దీన్ని కడగాలి. నీళ్ళతో కాదు. స్పిరిట్ కావాలి" అన్నారు. స్పిరిట్ కావాలంటే పటాన్‌చెరు ఆసుపత్రికి పోవాలి. బస్సు ఎప్పుడో.

అప్పుడు నా చేతులు గుర్తొచ్చాయి. అన్నేళ్ళు గేటు దగ్గర సంచులు తడిమిన చేతులు. ఎవడు ఏది ఎక్కడ దాస్తాడో వాటికి తెలుసు. షావుకారు వైర్లు పెట్టుకునే చెక్కపెట్టె మూత సందులో ఎర్రగుడ్డ కొస కనపడుతోంది. వైర్లకు ఎర్రగుడ్డ ఎందుకు? నేను పోయి పెట్టె తెరిచాను. గుడ్డలో సీసా. మూత తీసి వాసన చూశాను. మంచి నాటుసారా.

సీసా పైకెత్తి అందరికీ కనపడేలా పట్టుకున్నాను. "పటేలా, బడి కాడ జెండా పండుగ నాడు నీ పెట్టెల సారా ఎట్లొచ్చిందో నాకు తెల్వదు. మా సారుకు జెర కావాలంట. ఇస్తవా?"

వాడి ముఖం చూడాలి మీరు! నాది కాదనలేడు, ఇవ్వననలేడు. ముందు వరుసలో పెద్దలంతా కూర్చున్నారు. "తీసుకో, తీసుకో" అన్నాడు నేల చూస్తూ. ఈసారి జనం నవ్వింది నా మీద కాదు.

జన్మలో సారా ముట్టని సారు, దానిలో కోడి ఈక ముంచి ఆ బుడిపె కాళ్ళ మధ్య పసుపు కడిగారు. కడిగి, ఆరడానికి షావుకారు ఆంప్లిఫయర్ మీదే పెట్టారు. దాని వేడికి పావుగంటలో పొడిగా అయిపోయింది. వాడి సారాతో కడిగి, వాడి మిషను మీద ఆరబెట్టి, వాడి లౌడ్‌స్పీకర్లోనే నా బిడ్డ మాట్లాడబోతోంది. దేవుడు కూడా ఇంత బాగా కుదర్చలేడు.

సారు ఇనుప కుర్చీ తీసుకుని జనాన్ని దాటుకుంటూ ఆఖరి వరుస వెనక్కి పోయారు. అందరూ చూస్తుండగా ఎడమ చెవిలో దూది పెట్టుకుని, కుడి చెవి తిప్పి కూర్చున్నారు. బల్ల కొంచెం ఊగుతుంటే నా బిడ్డ జాకెట్లో నుంచి ఒక కాగితం తీసి, మడిచి, డబ్బా కింద పెట్టింది. నా రెండు పేజీలూ అవే. షావుకారు వంశం మొత్తం డబ్బా కింద పడి నలుగుతోంది. నాకు ప్రాణం ఉసూరుమంది కానీ, అప్పుడేం చెయ్యను?

"వినపడుతుందా సార్?"

గొట్టంలో నుంచి నా బిడ్డ గొంతు వచ్చింది. అందరికీ దూరంగా ఉన్న గొంతు కాదు, ఒక్కొక్కరి చెవి పక్కనే కూర్చుని మాట్లాడినట్టు. ఆరేళ్ళప్పటి నుంచీ నేనూ మా ఇంటామె తప్ప ఎవరూ సరిగ్గా వినని గొంతు, మూడు ఊళ్ళ వాళ్ళ చెవుల్లో. జనం నవ్వాపి వెనక్కి తిరిగారు. నలభై అంగల అవతల తువ్వాలు లేచింది.

బిడ్డ పేర్లు పిలిచింది. ఒక్కొక్క పిల్లవాడు లేచి "హాజర్ టీచర్" అన్నాడు. ఏ ఒక్కడినీ రెండోసారి పిలవాల్సిన అవసరం రాలేదు. రిజిస్టర్లో చివర షావుకారు మనవరాలి పేరు ఉంది. ఆ పిల్ల అందరికన్నా గట్టిగా "హాజర్" అని అరిచి, తాత వైపు చూసి చప్పట్లు కొట్టింది. వాడు కూడా కొట్టాల్సి వచ్చింది. ఆ రెండు చేతులు కలిసిన చప్పుడు ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అన్నం కన్నా రుచి.

ఉద్యోగం నా బిడ్డది. నేను మళ్ళీ చక్కెర పంచాను. ఈసారి బెల్లం కూడా.

ఇది జరిగి ఏడేళ్ళు. డబ్బాను పాత రేడియోకు కలుపుకుని నా బిడ్డ ఇప్పటికీ పాఠం చెబుతోంది. నెలకోసారి సారు సైకిల్ మీద వచ్చి సెల్లులు మార్చేవారు. నేను మారుస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "నువ్వు మూత తీస్తే బొట్టు పెడతావు" అనేవారు. రిటైరయ్యాక కూడా సొంతూరు పోలేదు, అదే క్వార్టర్‌కు అద్దె కడుతూ ఉండిపోయారు. "అమ్మాయికి సెల్లులెవరు మారుస్తారు?" అనేవారు.

సారు పోయాక, సంతాప సభ కోసం సెల్లులు మార్చాలని, ఆ బొట్టు రోజు తర్వాత మొదటిసారి ఆ మూత నేను తీశాను. చేతులు కడుక్కుని, పసుపు లేకుండా. మూత లోపలివైపు పెన్సిల్‌తో సారు చేతిరాత. "గాలే వస్తది." దాని కింద గీత. గీత పక్కన, తర్వాతెప్పుడో వేసినట్టు, ఒక టిక్కు మార్కు. ఆయనను శాంతమూర్తి అని సభలో చాలామంది చెప్పారు. నాకు నవ్వొచ్చింది. ఆ మాటను ఆయన ఏడేళ్ళు డబ్బాలో పెట్టి మూశారు. నా పగ అరుపుల్లో పోయింది. ఆయన పగ టంకంతో అతుక్కుని పనిచేసింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలోనే సభ. మైకుసెట్టు షావుకారుదే. ఇప్పటికీ చుట్టుపక్కల వేరే గతి లేదు. వాడే స్వయంగా వచ్చి గొట్టం కట్టాడు. ముసలివాడయ్యాడు. నేను మాత్రం అయ్యానా ఏమిటి, కానీ వాడు నాకన్నా ఎక్కువ అయ్యాడు. నేను సభ మొదలవకముందే నలభై అంగలు కొలిచి, సారు ఇనుప కుర్చీ అక్కడ వేసి, దాని వీపు మీద ఆయన తెల్ల తువ్వాలు వేశాను. జనం నిండారు. షావుకారు జాగా వెతుక్కుంటూ ఆ కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"ఖాళీనే గదా ఇది?"

"కాదు. నిలబడు" అన్నాను.

నిలబడ్డాడు. కుర్చీ పక్కనే.

నా బిడ్డ వంతు వచ్చింది. డబ్బా కలిపింది. మైకు ముందుకు వచ్చి, అలవాటుగా, మొదటి మాట అదే అంది.

"వినపడుతుందా సార్?"

అందరూ వెనక్కి తిరిగారు. కుర్చీ ఖాళీ. బిడ్డ కళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఆ కుర్చీ ఎదుట, తువ్వాలు లేవనిదే రెండో మాట ఎప్పుడూ మాట్లాడలేదు అది. గొట్టంలో నుంచి సన్నగా ఊపిరి ఒకటే వినపడుతోంది. ఆ కుర్చీ దగ్గర నిలబడ్డది వాడొక్కడే. అందరి కళ్ళూ వాడి మీదే పడ్డాయి.

నేను దగ్గరికి పోయి అన్నాను: "ఇనబడ్డదా?"

"ఇనబడ్డది" అన్నాడు.

"గాలేనా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. చెయ్యి కుర్చీ మీది తువ్వాలు వైపు పోయింది.

"అది ముట్టకు. నీ భుజం మీదిది ఎత్తు."

ఎత్తాడు. ఎర్ర గళ్ళ తువ్వాలు. భయంతో ఎత్తాడో, సిగ్గుతో ఎత్తాడో, సారు మీద గౌరవంతో ఎత్తాడో నాకు అక్కర్లేదు. అవతల నా బిడ్డ ఊపిరి పీల్చుకుని రెండో మాట మొదలుపెట్టింది. సారు గురించి నాకన్నా బాగా చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఖాళీ కుర్చీ మీద తెల్ల తువ్వాలు, దాని పక్కన గాలిలో ఎర్ర తువ్వాలు. నా బిడ్డ మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి దించమని నేను చెప్పలేదు.